రాకస్ అంటే గట్టి చప్పుడేనా? ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. విశాఖలో ఐఈఎల్‌టీఎస్‌కి ప్రిపేర్ అవుతున్న ఒకరు తమ వీధి గురించి ఇంగ్లీషులో రాస్తూ, పక్కన కడుతున్న అపార్ట్‌మెంట్‌లో డ్రిల్లింగ్ మెషీన్ చాలా 'రాకస్'గా (raucous) ఉందనీ, వాళ్ల వంటింటి రేకుల మీద వాన కూడా 'రాకస్'గా పడుతుందనీ రాశారు. కోచింగ్‌లో సార్ రెండు చోట్లా ఆ మాట కొట్టేసి, ఒకచోట లౌడ్ అని, ఇంకోచోట డెఫెనింగ్ అని పెట్టారట. డిక్షనరీలో చూస్తే 'కర్ణకఠోరమైన' అని ఉంది, డ్రిల్లింగ్ కంటే కర్ణకఠోరం ఇంకేముంటుంది, మరి తప్పెక్కడ అని వారి సందేహం. ఇది పొగిడే మాటా తిట్టే మాటా, అసలెలా పలకాలి అని కూడా అడిగారు.

మీ సార్ దిద్దింది కరెక్టేనండీ. రాకస్‌తో చప్పుడు ఎంత పెద్దదో తెలియదు, అది ఎలాంటిదో తెలుస్తుంది. గొంతులోంచి వచ్చే చప్పుడు, అందులో ఒక మోటుదనం, పైగా అదుపు లేకపోవడం, ఈ మూడూ కలిసిన చోట ఆ మాట సరిగ్గా కుదురుతుంది. ఒక గుంపు గొల్లుమని నవ్వితే రాకస్. చెట్టు మీద కాకులన్నీ ఒక్కసారి లేచి అరిస్తే రాకస్. పెళ్లిలో భోజనాలయ్యాక బావమరుదుల బ్యాచ్ మైకు లాక్కుని పాటలందుకుంటే రాకస్. డ్రిల్లింగ్ మెషీన్‌కి గొంతూ లేదు, అది హద్దు మీరడమూ లేదు, పాపం దాని పని అది చేసుకుంటోంది. వానదీ అదే సంగతి.

డిక్షనరీని తప్పుపట్టనక్కర్లేదు. కర్ణకఠోరం అన్నప్పుడు మనం విన్నవాడి చెవి వైపు నుంచి మాట్లాడుతున్నాం, రాకస్ అన్నప్పుడు అరిచినవాడి గొంతు వైపు నుంచి మాట్లాడుతున్నాం. ఆ తేడాని ఒక్క పదంలో ఇమడ్చడం ఏ నిఘంటువుకైనా కష్టమే. అందుకే రెండు భాషల డిక్షనరీలో అర్థం చూసుకున్నాక, ఇంగ్లీషు–ఇంగ్లీషు డిక్షనరీలో ఆ మాట పక్కన ఏ నామవాచకాలు వస్తున్నాయో చూడమని చెబుతుంటాను. రాకస్ పక్కన మీకు లాఫ్టర్, క్రౌడ్, చీర్స్, వాయిస్, పార్టీ, డిబేట్, క్రై లాంటివి కనిపిస్తాయి. రెయిన్, మెషీన్, థండర్ దాదాపు కనిపించవు. అర్థం కంటే ఈ పొరుగువాళ్లే ఎక్కువ సాయం చేస్తారు.

నేను చాలాకాలం ఒక తెలుగు పత్రిక డెస్కులో వార్తా ఏజెన్సీలు పంపే ఇంగ్లీషు వార్తల్ని తెలుగు చేసే పనిలో ఉన్నాను. ఇప్పుడు సినిమాలకు ఇంగ్లీషు సబ్‌టైటిళ్లూ, చెవులు వినపడనివారి కోసం పెట్టే క్యాప్షన్లూ రాస్తున్నాను. రెండింటిలోనూ ఈ చప్పుడు మాటలతో కుస్తీ తప్పదు కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను, ఓపిక ఉంటే చదవండి.

మూలం సంగతి. లాటిన్‌లో 'రౌకుస్' అంటే బొంగురుపోయిన అని అర్థం. పద్దెనిమిదో శతాబ్దం రెండో సగంలో అది ఇంగ్లీషులోకి వచ్చింది. మొదట్లో అర్థం అంతే: బొంగురు, గరగర, వినడానికి మోటుగా ఉండే గొంతు. ఫ్రెంచిలో ఇదే లాటిన్ మాట నుంచి వచ్చిన 'రోక్' ఇప్పటికీ బొంగురు గొంతునే చెబుతుంది, పార్టీల జోలికి పోలేదు. ఇంగ్లీషులో మాత్రం మెల్లగా గొంతు నుంచి గొంతున్న మనిషికీ, మనిషి నుంచి గుంపుకీ, గుంపు నుంచి ఆ గుంపు ఉన్న రాత్రికీ, ఊరికీ పాకింది. మీరు ఇవాళ ఇంగ్లీషు పత్రికల్లో చూసే రాకస్ ఎక్కువగా ఈ రెండోదే, అంటే గోలగోలగా, కట్టుబాటు లేకుండా ఉన్న జనం. అయినా పాత బొంగురుతనం పూర్తిగా పోలేదు. రాకస్ లాఫ్టర్ అన్నప్పుడు సన్నని కిలకిల నవ్వు ఎవరికీ గుర్తురాదు.

భాషాశాస్త్రవేత్తలు దీన్ని ఇంకా వెనక్కి తీసుకెళ్లి, సంస్కృతంలో 'రు' ధాతువుతో కలుపుతారు. మనం వాడే రవం, ఆరావం, కలరవం అన్నీ ఆ ధాతువు నుంచి వచ్చినవే. అంటే పక్షుల కలరవానికీ, బార్లో తాగినవాళ్ల రాకస్ గోలకీ దూరపు చుట్టరికం ఉందన్నమాట. రాకాసికి మాత్రం దీనితో ఏ సంబంధమూ లేదు, అది రాక్షస అనే మాట నుంచి వచ్చింది. అయితే 'రాకస్ అంటే రాకాసి అరుపులు' అని గుర్తుపెట్టుకుంటానంటే నేనేమీ అడ్డుచెప్పను. పరీక్ష హాల్లో గుర్తొస్తే చాలు కదా.

ఈ మాట అసలు ఊరు ఎక్కడ? ఆటస్థలాలు, బార్లు, పార్లమెంట్లు, పక్షుల పుస్తకాలు. ఈ నాలుగు చోట్లా చూస్తే పట్టు దొరుకుతుంది.

ఆటల్లో చూడండి. టెన్నిస్‌లో వింబుల్డన్ సెంటర్ కోర్టులో పాయింటు నడుస్తుంటే జనం ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. అదే న్యూయార్క్‌లో యూఎస్ ఓపెన్ రాత్రి మ్యాచ్, ఆర్థర్ ఆష్ స్టేడియం అనగానే ఇంగ్లీషు స్పోర్ట్స్ రైటర్ల కలంలోంచి రాకస్ దానంతటదే జారిపోతుంది. క్రికెట్‌లో లార్డ్స్ గురించి రాస్తే ఆ మాట తక్కువ, లీడ్స్‌లో హెడింగ్లీ మైదానం వెస్టర్న్ టెర్రస్ గురించో, బర్మింగ్‌హామ్‌లో ఎడ్జ్‌బాస్టన్ హోలీస్ స్టాండ్ గురించో రాస్తే తప్పకుండా వస్తుంది, ఎందుకంటే అక్కడ జనం రకరకాల వేషాలేసుకొచ్చి, బీరు గ్లాసులతో రోజంతా పాటలు పాడుతూనే ఉంటారు. అన్నిటికంటే మంచి ఉదాహరణ గోల్ఫ్. చప్పుడు చేస్తే నేరంలా చూసే ఆట అది. కానీ అమెరికాలో అరిజోనా రాష్ట్రం స్కాట్స్‌డేల్‌లో జరిగే ఫీనిక్స్ ఓపెన్‌లో పదహారో హోల్ దగ్గర చుట్టూ స్టేడియంలా స్టాండ్లు కట్టి ఉంటాయి, ఆటగాడు బంతిని గ్రీన్ మీద, అంటే హోల్ చుట్టూ ఉండే నున్నని పచ్చిక మీద, నిలపలేకపోతే జనం ముఖం మీదే గేలి చేస్తారు. 1997లో టైగర్ వుడ్స్ అక్కడ ఒక్క దెబ్బకే బంతిని హోల్‌లో వేస్తే గాల్లోకి గ్లాసులు విసిరారు. మిగతా గోల్ఫ్ అంతా నిశ్శబ్దంగా ఉంటేనే ఆ ఒక్క హోల్‌కి రాకస్ అన్న పేరు సార్థకం అవుతుంది.

ఇక్కడ ఒక విషయం గమనించారా, ఈ వాడుకల్లో ఎక్కడా తిట్టు లేదు. రాకస్ మంచో చెడో ముందే తేలిపోయిన మాట కాదు. రాకస్ అప్లాజ్, రాకస్ వెల్కమ్, రాకస్ సెలబ్రేషన్ అంటే సంతోషమే, కాకపోతే కట్టలు తెంచుకున్న సంతోషం. రాకస్ నైబర్స్ అంటే మాత్రం తలనొప్పి. చెప్పేవాడు ఆ గోలలో కలిసి కూర్చున్నాడా, లేక పక్కింట్లో నిద్రపట్టక దొర్లుతున్నాడా అన్నదాన్ని బట్టి మారుతుంది. మనకి 'రచ్చ' కూడా ఇంతే కదా. 'నిన్న రాత్రి రచ్చ రచ్చ చేశాం' అని కుర్రాళ్లు గొప్పగా చెప్పుకుంటారు, 'అనవసరంగా రచ్చ చేస్తున్నాడు' అని పెద్దవాళ్లు విసుక్కుంటారు. మాట ఒకటే.

పార్లమెంటు దగ్గరికి వస్తే, బ్రిటన్ దిగువ సభలో బుధవారం మధ్యాహ్నం ప్రధానిని ప్రశ్నలడిగే అరగంట ఉంటుంది. అటువైపు ఇటువైపు ఎంపీలు కేకలు, ఎద్దేవా, నవ్వులు. 2009 నుంచి 2019 దాకా స్పీకర్‌గా ఉన్న జాన్ బెర్కో 'ఆర్డర్, ఆర్డర్' అని అరిచిన వీడియోలు ప్రపంచమంతా తిరిగాయి. ఆ అరగంటని రాకస్ అంటారు. కానీ మన దగ్గర, 2014 ఫిబ్రవరి 13న రాష్ట్ర విభజన బిల్లు రోజున లోక్‌సభలో పెప్పర్ స్ప్రే కొట్టిన ఘటన ఉంది చూశారూ, దాన్ని రాకస్ అంటే చాలా తేలిక చేసినట్టు అవుతుంది. దగ్గుతూ కళ్లు తుడుచుకుంటూ ఎంపీలు బయటికి పరుగెత్తిన సందర్భానికి అల్లకల్లోలం అని చెప్పే కేయాస్, పాండిమోనియం లాంటి మాటలే తగినవి. రాకస్‌లో అల్లరి ఉంటుంది, గలాటా ఉంటుంది, మీదపడి కొట్టుకోవడం ఉండదు. దెబ్బలు మొదలయ్యాయంటే మాట మార్చాల్సిందే.

డెస్కులో ఉన్నప్పుడు తరచూ వచ్చే ఇంకో తలనొప్పి, విదేశీ పత్రికల వాళ్లు 'ఇండియాస్ రాకస్ డెమోక్రసీ' అని రాయడం. కొత్తగా చేరిన సబ్ ఎడిటర్లు దీన్ని 'భారత్‌లో కర్ణకఠోర ప్రజాస్వామ్యం' అని తర్జుమా చేసి ఇచ్చేవాళ్లు, చదివితే ఏడవాలో నవ్వాలో తెలిసేది కాదు. 'గోలగోలగా నడిచే మన ప్రజాస్వామ్యం' అంటే సరిపోతుంది. నాకైతే ఆ ప్రయోగంలో సగం మెచ్చుకోలు, సగం పైనుంచి చూసే పెద్దరికం కనిపిస్తుంది. వాళ్ల సభలు ఏమంత ప్రశాంతంగా ఉంటాయని! అయినా వాళ్ల దేశం గురించి అంత సులువుగా ఆ మాట వాడరు.

పక్షుల సంగతి. పక్షులు చూసేవాళ్ల పుస్తకాల్లో కాకి, పికిలిపిట్ట, చిలక, నెమలి అంటూ ఒక్కోదానికీ అరుపు ఎలా ఉంటుందో రాస్తారు. అందులో కాకికీ చిలకల గుంపుకీ రాకస్ పడుతుంది, పికిలిపిట్టకి పడదు. నెమలి చూడ్డానికి అంత అందంగా ఉండి, నోరు తెరిస్తే మాత్రం రాకసే. మనవాళ్లు దాన్ని క్రేంకారం అని గౌరవంగా పిలిచారు కానీ పొలాల పక్కన పడుకున్నవాళ్లని అడగండి చెబుతారు. సిడ్నీలోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న తెలుగువాళ్లకి నేను వేరే ఉదాహరణే చెప్పక్కర్లేదు, పొద్దున్నే బాల్కనీ రెయిలింగ్ మీద వాలి అరిచే తెల్ల కకాటూలే చాలు.

అందుకే తెలుగులో దీనికి అన్నిటికంటే దగ్గరి మాట 'కాకిగోల' అని నా అభిప్రాయం. గొంతుంది, మోటుదనం ఉంది, అదుపు లేదు, పైగా ఒక్క కాకి కాదు, గుంపు. కాకపోతే కాకిగోలలో కాస్త చులకన పాలు ఎక్కువ, మెచ్చుకోలు అసలు లేదు. కాబట్టి అభిమానుల స్వాగతాన్ని తెలుగు చేసేటప్పుడు 'ఈలలు, కేకలతో హోరెత్తించారు' అనాలి, కాకిగోల అంటే ఆ అభిమానులే మన ఆఫీసుకి వస్తారు. నవ్వు అయితే 'గొల్లుమన్నారు', 'విరగబడి నవ్వారు'. వెకిలి నవ్వు అనకండి, అందులో చెడ్డ ఉద్దేశం వచ్చేస్తుంది. వికటాట్టహాసం అసలే వద్దు, అది పౌరాణికాల్లో విలన్‌ది. గొంతు అయితే 'బొంగురు', 'గరగరలాడే'. అన్నిటికీ ఒకే తెలుగు మాట వెతకడం మానేస్తే ఈ పని సగం తేలికవుతుంది.

ఇప్పుడు మీరు అయోమయపడే ఇరుగుపొరుగు మాటలు. అన్నీ సమానంగా ముఖ్యం కావు, కొన్నిటిని గబగబా దాటేస్తాను.

లౌడ్ కేవలం వాల్యూమ్. టీవీ, పాట, గొంతు, పేలుడు, ఏదైనా సరే. దేని దగ్గరైనా అనుమానం వస్తే లౌడ్ రాయండి, తప్పు పోదు. నాయిజీ అంటే అక్కర్లేని చప్పుడు ఎడతెగకుండా రావడం: నాయిజీ ఫ్రిజ్, నాయిజీ స్ట్రీట్. అది అంత పెద్దగా లేకపోయినా పర్వాలేదు, విసిగిస్తే చాలు. మీ డ్రిల్లింగ్‌కి ఈ రెండింట్లో ఏదైనా బాగుంటుంది. డెఫెనింగ్ అంటే ఇక వేరే ఏమీ వినపడనంత, చెవులు దిబ్బళ్లు పడేంత. రేకుల మీద వడగళ్ల వాన పడుతుంటే పక్కవాడి మాట వినపడదు చూడండి, అది. మీ సార్ అందుకే పెట్టారు.

బాయిస్టరస్ దీనికి బాగా దగ్గర బంధువు, అందుకే చాలామంది ఒకదాని బదులు ఇంకోటి వాడేస్తారు. పిల్లలు బెల్లు కొట్టగానే బడిలోంచి కేరింతలు కొడుతూ బయటికి పరుగెత్తడం బాయిస్టరస్. అందులో ఉత్సాహం ఉంది, మోటుదనం లేదు. ఎల్‌కేజీ పిల్లల్ని రాకస్ అన్నారంటే టీచర్‌కి ఆ రోజు నిజంగానే ఓపిక నశించిందని అర్థం.

కకోఫనస్ అంటే ఒకదానితో ఒకటి పొసగని చప్పుళ్లన్నీ కలిసిపోవడం. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర బస్సు హారన్, ఆటో హారన్, బైకు సైలెన్సర్, పక్కషాపులో పాట అన్నీ ఒక్కసారి వినపడితే అది కకోఫనస్. దీనికి గొంతు అక్కర్లేదు. ట్రాఫిక్ గురించి గొప్ప మాట ఒకటి రాయాల్సిందే అనుకుంటే ఇది రాయండి, రాకస్ వద్దు.

స్ట్రైడెంట్, ష్రిల్ కూడా గొంతుకి సంబంధించినవే. మొదటిది గీసుకుపోయే గొంతు, ఎక్కువగా పట్టుదలగా వాదించేవాళ్ల మీద వాడతారు. రెండోది కీచుగొంతు. ఈ రెండింటినీ, ముఖ్యంగా ష్రిల్‌ని, గట్టిగా మాట్లాడే ఆడవాళ్ల మీద చాలాకాలంగా దెప్పిపొడుపుగా వాడుతున్నారు, మగ నాయకుడు అదే స్వరంతో మాట్లాడితే ఫైరీ అంటారు. చూసి వాడండి. వొసిఫరస్ అభిప్రాయం గట్టిగా చెప్పడం, దానికి ఒక విషయం ఉండాలి. హస్కీ బొంగురే కానీ చెవికి ఇంపైన బొంగురు, సినిమా పేజీల్లో హీరోయిన్ల గొంతు గురించి తెగ రాసేది. కంచుకంఠానికి ఇంగ్లీషు మాట కావాలంటే స్టెంటోరియన్ ఉంది, గ్రీకు పురాణ యుద్ధంలో యాభైమంది అరిచినంత గట్టిగా అరవగల స్టెంటర్ అనే వాడి పేరు మీద వచ్చింది. కానీ మామూలు రాతలో అది వాడితే కాస్త డాంబికంగా ఉంటుంది.

ఇక రౌడీ. ఇది మనవాళ్లకి నిజంగా ప్రమాదకరమైన మాట. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో అమెరికాలో మోటుగా, జగడాలమారిగా ఉండేవాళ్లకి పేరుగా వచ్చి, అక్కడ క్రమంగా మెత్తబడి, అల్లరల్లరిగా ఉన్న అనే విశేషణంగా స్థిరపడింది. మన దగ్గర అదే మాట పోలీస్ స్టేషన్ గోడ మీద ఫొటోల దాకా వెళ్లింది, రౌడీషీట్ అంటే చిన్నపిల్లలకి కూడా తెలుసు. మా అక్కావాళ్లు టెక్సాస్‌లో ఉంటారు. వాళ్లబ్బాయి కిండర్‌గార్టెన్‌లో ఉండగా స్కూల్ నుంచి 'హీ వాజ్ ఎ లిటిల్ రౌడీ టుడే' అని నోట్ వచ్చింది. అక్క ఒకటే టెన్షన్, బావ ఆఫీసు మధ్యలోంచి నాకు ఫోన్. టీచర్ చెప్పిందల్లా, లంచ్ తర్వాత పిల్లాడు కుదురుగా కూర్చోలేదని, అంతే. రౌడీకీ రాకస్‌కీ తేడా అడిగితే, రౌడీలో ఒంటి అల్లరి ముందు, చప్పుడు వెనక. రాకస్‌లో చప్పుడు ముందు. ఒక గుంపు కుర్చీలు తోసుకుంటూ గెంతుతుంటే రౌడీ, కూర్చున్నచోటే కూర్చుని పైకప్పు లేచిపోయేలా అరుస్తుంటే రాకస్. రెండూ కలిసి రావడమూ మామూలే.

రకస్ వేరు, రాకస్ వేరు. మన ఇంగ్లీషు పేపర్లలో 'క్రియేటెడ్ ఎ రకస్' అని రోజూ వస్తుంది, అసెంబ్లీలో, టోల్‌గేటు దగ్గర, విమానంలో. అది నామవాచకం, గొడవ అని అర్థం, అమెరికాలో పుట్టిన మాట, లాటిన్ బొంగురుతో దానికి సంబంధం ఉన్నట్టు నిఘంటువులు సాధారణంగా చెప్పవు. రాకస్ విశేషణం. 'దే క్రియేటెడ్ ఎ రాకస్' అని రాస్తే వాక్యం కుంటుతుంది, ఎందుకంటే రాకస్ తర్వాత ఏదో ఒకటి రావాలి: రాకస్ సీన్, రాకస్ మీటింగ్. లేదంటే 'ద మీటింగ్ వాజ్ రాకస్', 'ద పార్టీ గాట్ ఎ బిట్ రాకస్' అని చివర పెట్టొచ్చు. ఈ 'గాట్ ఎ బిట్' అన్నది ఇంగ్లీషువాళ్లు తరచూ వాడే పద్ధతి. రాత్రి పది దాకా బాగానే ఉంది, ఆ తర్వాత మొదలైంది అని చెప్పడానికి. ఇంకా ఎక్కువ అని పోల్చి చెప్పాలంటే ముందు మోర్ చేర్చాలి, చివర్లో ఈఆర్ తగిలించకూడదు.

నా ఇప్పటి పనిలోంచి ఒక సంగతి. వినపడనివారి కోసం రాసే క్యాప్షన్లలో డైలాగే కాదు, చప్పుళ్లు కూడా రాయాలి. సన్నివేశంలో జనం నవ్వారనుకోండి, లాఫ్టర్ అని ఒక్క మాట పెట్టి ఊరుకోవచ్చు. కానీ హీరో వేదిక మీద తడబడ్డప్పుడు వెనక బెంచీ కుర్రాళ్లు పగలబడి నవ్వే సీన్‌లో ఆ నవ్వు ఎలాంటిదో చూసేవాడికి తెలియకపోతే కథే పోతుంది, అక్కడ రాకస్ లాఫ్టర్ అని పెడతాను. అదే పెళ్లిచూపుల్లో అమ్మాయి తరఫు పిల్లలు కిసుక్కుమంటే గిగ్లింగ్. చావింట్లో ఎవరో ఆపుకోలేక నవ్వితే స్టిఫుల్డ్ లాఫ్టర్. కొత్తవాళ్లు బలంగా వినిపించాలని ప్రతి గుంపుకీ రాకస్ తగిలిస్తారు, నేను చాలావరకు తీసేస్తాను. స్క్రీన్ మీద ఉన్న చోటు తక్కువ, చదివే టైమూ తక్కువ, కాబట్టి ఆ మాట నిజంగా ఏదైనా కొత్తగా చెబితేనే ఉంచాలి.

బోనాలు, గణేశ్ నిమజ్జనం గురించి ఇంగ్లీషులో రాసేవాళ్లకి ఒక హెచ్చరిక. సికింద్రాబాద్ బోనాల్లో డప్పులూ, పోతరాజు వీరంగం, జనం కేకలూ అన్నీ కలిస్తే బయటివాడు రాకస్ ప్రొసెషన్ అని రాసేస్తాడు. తప్పని చెప్పలేం, కానీ అమ్మవారి పండగ మీద ఆ మాట పడితే భక్తి పోయి తాగుబోతు గోల మిగులుతుంది. డప్పుకి ఉరుములాంటి అనే థండరస్ చాలా బాగుంటుంది, జనానికి ఉత్సాహం ఉప్పొంగే అనే ఎగ్జూబరెంట్. బెనిఫిట్ షో దగ్గర మాత్రం మొహమాటం లేకుండా రాకస్ వాడుకోవచ్చు. తెల్లవారుజామున కాగితాలు చింపి విసురుతూ, హీరో పేరు కనపడగానే మొదటి డైలాగు వినపడకుండా చేసే ఆ హాలుకి ఇంతకంటే తగిన ఇంగ్లీషు మాట నాకు తెలియదు.

నేను చెప్పిన 'గొంతు ఉండాలి' అన్న లెక్కకి మినహాయింపులు ఉన్నాయి, దాచను. కార్ల మ్యాగజైన్లలో ఇంజన్ ఎక్కువ తిప్పితే రాకస్ అవుతుందని రాస్తారు, స్పోర్ట్స్ కారు ఎగ్జాస్ట్‌ని మురిసిపోతూ రాకస్ అంటారు. ఇంజన్‌కి గొంతు ఉన్నట్టు ఊహించి రాసే అలవాటు అది, సింహగర్జన అన్నట్టే. రాక్, పంక్ సంగీతానికీ, శాక్సఫోన్‌కీ కూడా వాడతారు. చేయి తిరిగినవాళ్లు డ్రిల్లింగ్ మెషీన్‌కి కూడా గొంతు ఇవ్వగలరు. కానీ పరీక్షలో మీ రాత చూసే మనిషికి అది కావాలని చేసిన ప్రయోగమో, అర్థం సరిగా తెలియక వేసినదో తేడా తెలియదు, రెండోదే అనుకుంటాడు.

పరీక్ష మాట వచ్చింది కాబట్టి: ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లోనూ రైటింగ్‌లోనూ పదసంపదకి నాలుగో వంతు మార్కులు. అయితే అక్కడ చూసేది అరుదైన మాటలు ఎన్ని పడ్డాయని మాత్రమే కాదు, పక్కపక్కన నప్పే మాటలు పడ్డాయా అని కూడా. 'ద డ్రిల్లింగ్ ఈజ్ సో లౌడ్ దట్ వియ్ కాంట్ హియర్ ఈచ్ అదర్' అనే సాదా వాక్యం మీ రాకస్ డ్రిల్లింగ్ కంటే ఎక్కువ మార్కులు తెస్తుందని నా నమ్మకం. రాకస్ వాడాలని అంత ముచ్చటగా ఉంటే వాడే సందర్భం మీరే తెచ్చుకోండి, మీ వీధిలో వినాయక చవితి కమిటీ కుర్రాళ్లు రాత్రి పేకాట దగ్గర నవ్వే నవ్వు గురించి రాయండి.

ఫిర్యాదు ఉత్తరాల్లో మాత్రం ఈ మాట వద్దు. యూకేలో చదువుకుంటున్న మా బంధువులబ్బాయి పైఫ్లాట్ వాళ్ల మీద ఇంటి ఏజెన్సీకి 'రాకస్ నైబర్స్' అని పెద్ద మెయిల్ పెట్టాడు. వాళ్ల జవాబు ఒక్కటే: ఏ తేదీ, ఎన్ని గంటలకి, ఏం చప్పుడు? అక్కడ కౌన్సిళ్లు కూడా చప్పుడు ఫిర్యాదుకి ముందు డైరీ రాయమంటాయి. మన దగ్గరా అంతే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు, నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. కాబట్టి 'లౌడ్ మ్యూజిక్ ఆఫ్టర్ టెన్ పీఎం' అని రాస్తే పోలీసులకైనా అసోసియేషన్‌కైనా పట్టు దొరుకుతుంది. రాకస్ అన్నారంటే మీరు వాళ్ల స్వభావాన్ని తిడుతున్నట్టు ఉంటుంది, దాన్ని ఏ మీటరూ కొలవలేదు.

చివరిగా ఉచ్చారణ. రా అని కాస్త సాగదీసి, కస్ అని చటుక్కున ముగించండి, బలం మొదటి అక్షరం మీద. బ్రిటిష్‌వాళ్ల నోట ఆ 'రా' కొంచెం 'రో' వైపు ఒరుగుతుంది, చాలామంది అమెరికన్ల నోట మన 'రా'కి దగ్గరగా ఉంటుంది, రెండూ సరైనవే. స్పెల్లింగ్ చూసి రౌకస్ అనీ, రాకౌస్ అనీ పలికేవాళ్లున్నారు, అవి వద్దు. స్పెల్లింగ్‌లో యూ రెండుసార్లు వస్తుంది, ఏ తర్వాత ఒకటి, ఓ తర్వాత ఒకటి. ఎక్కువమంది ఆ రెండోదాని దగ్గర ఓ మింగేసి ఉత్త యూఎస్ రాసేస్తారు. ఫేమస్, డేంజరస్‌లో చివరి మూడక్షరాలు ఎలా ఉంటాయో ఇక్కడా అవే.